ఎండ చూడని కంబళి

కేప్ బ్రెటన్
సెప్టెంబరు 8, 1986

మోరాగ్‌కి,

కవరు మీద నా చేతిరాత చూసి మీ అన్నయ్య పోయాడనుకుని ఉంటావు. లేదు, ఉన్నాడు. వంటింట్లో పొయ్యికీ కిటికీకీ మధ్య మంచం వేశాం. ముక్కుకి గొట్టం, పక్కన ఇనప సిలిండరు. ముప్ఫై ఏళ్ళు గనిలో పీల్చిన బొగ్గుదుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడిపోయిందట. క్రిస్మస్ దాకా లాగితే గొప్పేనన్నాడు డాక్టరు. ఫోన్ చేసేదాన్నే, కానీ మన ఫోను లైను ఆరిళ్ళకీ ఒక్కటే, ఎవరెత్తినా అందరి మాటలూ వినిపిస్తాయి. ఎదురింటి బెల్లా రిసీవరు ఎత్తిందంటే మన సంగతి ఆదివారానికల్లా చర్చి మెట్ల మీద ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

అసలు విషయం కంబళి. మీ నాయనమ్మ నేసిన తెల్ల కంబళి. ఈ ఇంట్లో ఎవరు పోయినా, వాళ్ళని ఇంట్లో ఉంచిన రెండు రోజులూ అది మీద కప్పి ఉండాలి. శవపేటిక మూసే ముందు తీసి, ఇంటి కోడలు వాననీళ్ళలో, ఇంట్లో కాచిన సబ్బుతో ఉతికి, అటక మీద ఆరెయ్యాలి. అది ఎండ చూడకూడదు. బతికున్నవాళ్ళు కప్పుకోకూడదు. నీకు తెలీదని కాదు, పాతికేళ్ళుగా నాకు నేను అప్పజెప్పుకుంటున్న పాఠం ఇది.

మీ అమ్మ పోయినప్పుడు దాన్ని ఉతికింది నేను. ఆ ఏడే అది పాత వెన్న రంగుకి తిరిగింది. షెటికాంప్ నుంచి వచ్చిన ఫ్రెంచి పిల్లకి స్కాట్లాండువాళ్ళ ఇంటి పద్ధతులు ఏం తెలుస్తాయన్నారు. అప్పట్నుంచి ఈ పేటలో ఏది చెడినా ‘డెల్ఫీన్ ఉతుకు’ అయిందంటారు. రొట్టె మాడితే డెల్ఫీన్ ఉతుకు. పడవకి వేసిన రంగు పెచ్చులూడితే డెల్ఫీన్ ఉతుకు. ఆ మాట మొదట పుట్టించింది మీ అన్నయ్యే. నవ్వులకే అన్నాడు. నేనూ నవ్వాను.

పోయిన మంగళవారం పులుసు తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుని, “ఆ పచ్చ కంబళి నా మీద వెయ్యొద్దు డెల్ఫీన్. మామూలు దుప్పటి చాలు” అన్నాడు. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేదాన్ని. నెమ్మదిగా అన్నాడు. మోరాగ్, అది కప్పకుండా ఆయన్ని పంపిస్తే నేను కడదాకా చెడగొట్టినదాన్నే అవుతాను. ఆయన నన్ను క్షమించకుండా వెళ్ళినట్టే.

‘మా చెల్లి ఉన్నికి డాక్టరు’ అని మీ అన్నయ్య నర్సుక్కూడా చెప్పాడు. దాన్ని తెల్లగా చేసే దారి ఏదైనా ఉంటే రాయి. ఏం చెయ్యమన్నా చేస్తాను.

మీ వదిన
డెల్ఫీన్

ఈ ఏడు బంగాళాదుంపలు బాగా ఊరాయి. తవ్వేవాళ్ళే లేరు.


గ్వెల్ఫ్
సెప్టెంబరు 17

వదినా,

నీ ఉత్తరం అందింది. క్రిస్మస్ దాకా ఆగను, సెలవు దొరకగానే వస్తాను. అన్నయ్యకి ఉప్పు తగ్గించు.

ఇక కంబళి. ఉన్ని కూడా మన జుట్టులాంటిదే, మాంసకృత్తు. అమినో ఆమ్లాలు పూసల్లా వరసగా అతుక్కుంటే అది తయారవుతుంది. వాటిలో ట్రిప్టోఫాన్, టైరోసిన్ అని రెండున్నాయి. ఎండని పీల్చుకునేవి అవే. ఎండ పడినప్పుడు పక్కనున్న ఆక్సిజన్ మామూలుగా ఊరుకోదు, రెచ్చిపోతుంది. రెచ్చిపోయిన ఆక్సిజన్ ముందు ఆ రెండిటి మీదే పడి విరుస్తుంది. విరిగిన ముక్కల రంగే ఆ పసుపు. ఉన్ని పొడిగా ఉంటే ఇదంతా నెమ్మదిగా జరుగుతుంది. తడిస్తే పోగు ఉబ్బి లోపలికి దారులు తెరుచుకుంటాయి, నీళ్ళు కూడా ఆ గొడవలో కలుస్తాయి, నెలల్లో జరగాల్సింది రోజుల్లో జరుగుతుంది. నార బట్టని తడిపి ఎండలో వేస్తే తెల్లబడుతుంది. అందులో అమినో ఆమ్లాలు లేవు కనక. తడి ఉన్నిని ఎండలో వేస్తే పచ్చబడుతుంది.

గంధకం పొగ పెడితే రంగు కొంత పోతుంది. కానీ విరిగినవి అతకవు, ఉన్న బలం కూడా పోతుంది. ఆ పని చెయ్యొద్దు.

కొన్ని వివరాలు కావాలి. ఎన్ని రోజులు ఎండలో ఉంది, ఆ రోజుల్లో ఎన్నిసార్లు తడిసింది, వాడిన సబ్బు ఏమిటి? రెండు పోగులు పంపగలిగితే ఇక్కడ చూస్తాను.

మోరాగ్


కేప్ బ్రెటన్
సెప్టెంబరు 26

మోరాగ్,

నీ ఉత్తరం పైకి చదివి వినిపించాను. ముందు నేను చదువుకోవాల్సింది, బుద్ధి లేకపోయింది. తడి ఉన్నిని ఎండలో వేస్తే పచ్చబడుతుందన్న చోటికి రాగానే మీ అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. “చూశావా, చదువుకున్నది కూడా అమ్మ చెప్పిందే చెప్పింది” అన్నాడు. ఆ తర్వాత నేనేం చదివానో నాకు తెలీదు. నీ దగ్గర మందు ఉంటుందనుకుంటే నువ్వు సాక్ష్యం పంపావు.

ఎన్ని రోజులని నన్ను అడుగుతున్నావా? ఏ సబ్బని నన్ను అడుగుతున్నావా? నీ కలం ఎలా ఆడింది? నేను జవాబు రాయను. నువ్వే కాస్త ఆలోచించుకో.

ఆక్సిజన్ అంత దుర్మార్గమైతే తన ముక్కుకి ఎందుకు తగిలించారని మీ అన్నయ్య నర్సుని అడిగాడు. పాపం ఆవిడ నవ్వేసి గొట్టం సరిచేసి వెళ్ళింది. నీకు తెలిస్తే రాయి. ఆయన రెండు రోజులుగా అదే పట్టుకుని కూర్చున్నాడు.

మొన్న కొండల మీంచి సుయెట్ పెనుగాలి వీచి పశువుల కొట్టం మీద రేకు లేచిపోయింది. మా పుట్టింటి వైపు ఆ గాలి వచ్చే ముందు వాసన పట్టేస్తారు. ఇక్కడివాళ్ళు రేకు లేచాక ఆకాశం చూస్తారు. ఎక్కి బిగించడానికి మగాడు లేడు, నేనే ఎక్కాను. బెల్లా కిటికీలోంచి చూస్తూనే ఉంది.

పోగులు పంపుతున్నాను. నీలం దారం కట్టినవి కంబళి మధ్యవి. ఎర్ర దారం కట్టినవి అంచు మడత విప్పి తీసినవి, అక్కడ ఎండ తగల్లేదు. నీ మీద కోపంతో పంపకుండా ఉందామనుకున్నాను. కానీ అది నా మొగుడి కోసం, నీ కోసం కాదు.

డెల్ఫీన్


గ్వెల్ఫ్
అక్టోబరు 6

వదినా,

దీన్ని ముందు నువ్వొక్కదానివే చదువుకో.

పోగులు రాగానే కంటికి కనబడని కిరణాలు చిమ్మే దీపం కింద పెట్టాను. మధ్యవి ఊరికే పచ్చగా ఉన్నాయి. మడతలోవి నీలంగా మెరిశాయి. ఇంట్లో కాచిన సబ్బు మెరవదు. బట్టలు తళతళలాడాలని కొట్లో అమ్మే సబ్బు పొడిలో ఒక రంగు కలుపుతారు, అది మెరుస్తుంది. తడి ఉన్ని మీద ఎండ పడ్డప్పుడు ఆ రంగు ఆక్సిజన్‌ని ఇంకా రెచ్చగొడుతుంది, తనూ ఆ ఎండకే చచ్చిపోతుంది, అందుకే ఎండ తగలని మడతలోనే మిగిలింది. 1961లో మన ఇంట్లో అలాంటి పొడి ఎవరూ వాడేవాళ్ళు కాదు. ఒకే ఒక్క డబ్బా వచ్చింది. అమ్మ పోయినప్పుడు దాన్ని తెచ్చింది నేను.

మర్చిపోయానని అబద్ధం చెప్పను. పక్కన పెట్టుకున్నాను, అంతే. ఎన్ని రోజులని నిన్ను అడిగాను చూడు, ఆ వాక్యం రాసేటప్పుడు కూడా నాకు తెలుసు.

ఆ వేసవిలో అమ్మని సాగనంపిన మర్నాడు అన్నయ్య మళ్ళీ గనిలోకి దిగాడు. పెరట్లో వాననీళ్ళ పీపా దగ్గర మనిద్దరమే ఉన్నాం. నాకు ఇరవై ఒక్క ఏళ్ళు, రెండేళ్ళ కెమిస్ట్రీ తలకెక్కి ఉంది. ఎండ చూడకూడదన్నది ముసలమ్మల భయం అన్నాను. మీ పుట్టింట్లో నార దుప్పట్లు గడ్డి మీద పరిచి, తడుపుతూ తెల్లబరుస్తారని నువ్వే ఒకసారి చెప్పావు. దీనికీ అలాగే చేద్దామన్నది నేను. “అత్తగారు ఊరుకోరు” అన్నావు నువ్వు. ఆవిడని మట్టిలో పెట్టి ఒక్క రోజయింది. అయినా నేను వినలేదు. మూడు రోజులు నీళ్ళు చల్లింది నేనే. నేను వెళ్ళే పొద్దుటికి అది కళ్ళు చెదిరేలా మెరిసింది, అంతా ఆ పొడి మహిమ. ఇంకో వారం ఇలాగే చెయ్యమని నీకు చెప్పి బండెక్కాను.

సెప్టెంబరులో అన్నయ్య ఉత్తరం వచ్చింది, అమ్మకి కప్పిన కంబళిని డెల్ఫీన్ చెడగొట్టిందని. నేను జవాబు రాశాను. అందులో ఇక్కడి వర్షాల గురించి రాశాను, నా పరీక్షల గురించి రాశాను. కంబళి మాట ఎత్తలేదు. ఆ తర్వాత ఎత్తడం ఏటికేడాది కష్టమైంది. ఉన్ని ఎందుకు పచ్చబడుతుందన్న ప్రశ్న మీదే ఉద్యోగం అంతా ఎందుకు గడిపావని ఇక్కడ అందరూ అడుగుతారు. ఏదో ఒకటి చెబుతుంటాను.

కొత్త ఉన్ని గుడ్డ తెచ్చి నాలుగు ముక్కలు చేశాను. పొడి ముక్క చీకట్లో, తడి ముక్క చీకట్లో, పొడి ముక్క ఎండలాంటి దీపం కింద, నాలుగోది ఆ సబ్బు పొడితో ఉతికి తడితోనే దీపం కింద. మొదటి రెండూ చెక్కుచెదరలేదు. మూడోది కాస్త మారింది. నాలుగోది నాలుగు రోజుల్లో మన కంబళి రంగుకి వచ్చింది. నీళ్ళలో తప్పు లేదు వదినా, నీ చేతిలో అంతకన్నా లేదు.

అన్నయ్యకి నేనే రాస్తాను. నువ్వు ఒక్కమాట సరేనను.

మోరాగ్

అన్నయ్యకి చెప్పు, గొట్టంలో వచ్చే ఆక్సిజన్ మంచిదే. దాని వల్లే బతుకుతాం, దాని వల్లే కొంచెం కొంచెం అరుగుతాం కూడా. ఒంటికి రోజూ బాగుచేసుకునే శక్తి ఉంది. గొర్రె మీంచి కత్తిరించిన ఉన్నికి లేదు.


కేప్ బ్రెటన్
అక్టోబరు 14

మోరాగ్,

చదివాను. పొయ్యిలో కట్టె వేసి మళ్ళీ చదివాను. పాతికేళ్ళు ఈ ఉత్తరం కోసం ఎదురుచూశాను, తీరా వచ్చాక దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. చివరికి పిండి డబ్బాలో దాచాను. నాకు కోపం వచ్చింది, అది కూడా చెప్పేస్తున్నాను. ఏడుపొచ్చింది. మీ అన్నయ్య ఏమిటని అడిగితే ఉల్లిపాయలన్నాను. ఆ వేళ వంటలో ఉల్లిపాయే లేదు.

ఆయనకి చెప్పొద్దు.

ఎందుకో విను. ఆ సెప్టెంబరులో ఆయన గని నుంచి వస్తూ దారిలో టపా తెచ్చాడు. నీకు కాలేజీలో బహుమతి వచ్చిందని రాశావు. మొహం కూడా కడుక్కోకుండా బల్ల దగ్గర నించుని చదివాడు. ఆ కాగితం అంచున ఆయన నల్ల వేలిముద్రలు ఇప్పటికీ ఉన్నాయి. తను బడి మానేసి గనిలోకి దిగింది ఎందుకో ఆ వేళ ఆయనకి అర్థమైంది. అప్పుడే కంబళి ఏదన్నాడు, అమ్మ బట్టల పెట్టెలో దాచిపెడదామని. తెచ్చి చూపించాను. ఆ నిమిషంలో నీ పేరు ఎలా చెప్పను? నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఒకసారి మింగాక రెండోసారి తేలికైంది.

ఆయనకి ఆస్తి లేదు, బిడ్డల్లేరు, ఊపిరి కూడా లేదు. నువ్వున్నావు. అది తీసేసి ఆయన చేతిలో ఏం పెడతావు?

ఇంకో మాట. నువ్వు వద్దన్నా వినకుండా కంబళి మూలని పీపాలో గంధకం పొగకి పెట్టాను. తెల్లబడింది. సంతోషంతో చేతిలోకి తీసుకుంటే నానిన రొట్టెలా చిరిగింది. అక్కడితో ఆపేశాను. చిరిగిన చోట అల్లిక వేశాను, మా పుట్టింటివాళ్ళు చాపలకి వేసే కుట్టు. బాగానే కుదిరింది.

ఆయన రాత్రీ పగలూ కూర్చునే నిద్రపోతున్నాడు. పడుకుంటే ఊపిరాడట్లేదు. చలంటున్నాడు. ఎన్ని కప్పినా చలే.

డెల్ఫీన్


గ్వెల్ఫ్
అక్టోబరు 21

అన్నయ్యా,

ఈ ఉత్తరం నీకే. వదిన చదివి వినిపిస్తుంది. వదినా, ఒక్క ముక్క కూడా వదలొద్దు. నువ్వు వద్దన్నావు, నీ మాట కాదంటున్నాను. రెండోసారి కాదంటున్నాను, నాకు తెలుసు.

అన్నయ్యా, అమ్మకి కప్పిన కంబళిని ఎండలో వేసింది నేను. సబ్బు పొడి తెచ్చింది నేను. నీళ్ళు చల్లింది నేను. వదిన అడ్డం పడింది, నేను వినలేదు. నేను వెళ్ళాక ఆమె చేసిందంతా నేను చెయ్యమన్నదే. నువ్వు ఆమెని తప్పుపట్టి ఉత్తరం రాసినప్పుడు నేను నోరు మూసుకున్నాను. నువ్వు నన్ను చూసి మురిసిపోతుంటే ఆ మురిపెం పోగొట్టుకోవడం ఇష్టంలేక మూసుకున్నాను. ఇదే నా దగ్గరున్న నిజం. మిగతా చదువంతా దీన్ని పరీక్షించి చూడటానికే పనికొచ్చింది.

కంబళి తెల్లబడదు. ఆ పని నా వల్లా కాదు, ఎవరి వల్లా కాదు. నిన్ను అడిగేది ఒక్కటే. ‘డెల్ఫీన్ ఉతుకు’ అన్న మాట పుట్టించింది నువ్వు. తీసెయ్యాల్సిందీ నువ్వే.

నీ చెల్లెలు
మోరాగ్


కేప్ బ్రెటన్
అక్టోబరు 30

మోరాగ్,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. ముందు నేనే చదువుకున్నాను, ఈసారి బుద్ధొచ్చింది కదా. చదివి ఎప్రన్ జేబులో పెట్టుకున్నాను. మోరాగ్ ఏం రాసిందని అడిగాడు. అక్కడ మంచు మొదలైందట అన్నాను. “నువ్వు జేబు మీద చెయ్యి వేసుకుని చెప్తున్నావు డెల్ఫీన్” అన్నాడు. కళ్ళు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి మీ అన్నయ్యకి.

సరే, చదివాను. నీ సబ్బు పొడి మాట దగ్గర ఆగాను. చదవమని చేత్తో సైగ చేశాడు. అంతా చదివాను. మళ్ళీ చదవమన్నాడు. రెండోసారి చదివాక గోడ వైపు తిరిగాడు. నేను బంగాళాదుంపలు చెక్కుతూ కూర్చున్నాను, ఎన్ని చెక్కానో చూసుకోలేదు. ఇద్దరికీ వారం రోజులు సరిపోయేన్ని అయ్యాయి.

చివరికి తిరిగాడు. “నాకెందుకు చెప్పలేదు?” అన్నాడు. “నువ్వు మొహం కడుక్కోకుండా ఉత్తరం చదువుతున్నావు, అందుకని” అన్నాను. ఏ ఉత్తరం అని అడగలేదు. ఆయనకి గుర్తుంది.

తర్వాత టెలిఫోన్ తెమ్మన్నాడు. తీగ మంచం దాకా వచ్చింది. ఊరికే రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. బెల్లా, ఇంకెవరో సిమెంటు ధర గురించి మాట్లాడుకుంటున్నారు. “బెల్లా, నేను ఆర్చీని” అన్నాడు. “కంబళి చెడగొట్టింది మా ఆవిడ కాదు. మా ఆవిడ ఉతుకులో ఏ తప్పూ లేదు. లైను మీద ఇంకెవరున్నా వినండి.” అంత మాట్లాడటానికి ఆయనకి మూడుసార్లు ఊపిరి అందుకోవాల్సొచ్చింది. ఈ ఆదివారానికల్లా అది చర్చి మెట్ల మీదికి చేరుతుంది. ఆ లైను వల్ల ఇన్నాళ్ళకి ఒక మేలు జరిగింది. నీ పేరు మాత్రం చెప్పలేదు. చెప్పొద్దని నేను అడగలేదు, ఆయనే చెప్పలేదు.

నీ మీద కోపమా అని అడిగాను. “ఆ పిల్ల నేనేమనుకుంటానోనని పాతికేళ్ళు భయపడింది. నేనంత భయంకరంగా ఉంటానా?” అన్నాడు. నేను ఆయన దిండు సర్దాను. నేను చెప్పాల్సిందంతా వింటే ఆయనకి మంచిది కాదు.

ఆ సాయంత్రం కంబళి తెమ్మన్నాడు. చూడ్డానికనుకున్నాను. కప్పమన్నాడు. బతికున్నవాళ్ళు కప్పుకోకూడదని అన్నాను. అన్నానే గానీ నా చేతులు అప్పటికే మడతలు విప్పుతున్నాయి. మెడ దాకా కప్పాను. అల్లిక వేసిన మూల ఆయన చేతి కిందికి వచ్చింది, వేలితో తడిమాడు. తర్వాత అన్నాడు, “డెల్ఫీన్, ఇది వెచ్చగా ఉంది.”

మోరాగ్, అరవై ఏళ్ళుగా ఈ కంబళి ఈ ఇంట్లో ఉంది. మీ తాత, మీ నాయనమ్మ, మీ నాన్న, మీ అమ్మ, మీ అమ్మకి పురిట్లోనే పోయిన ఇద్దరు పసివాళ్ళు, అంతమందికి కప్పారు. ఇది వెచ్చగా ఉంటుందని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. అది విని నేను బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను.

మూడు రోజులైంది. తీయనివ్వట్లేదు. నర్సు వస్తే ఆవిడక్కూడా చెయ్యి పెట్టి చూడమన్నాడు. చలని అనట్లేదు. వెళ్ళేటప్పుడు అదే తన మీద ఉండాలట, రంగు ఎలా ఉన్నా సరే. ఇంకెన్నాళ్ళో లేదు, గోళ్ళు నీలంగా తిరిగాయి. సెలవు దొరికేదాకా ఆగకు. దొరక్కపోయినా రా.

ఆయన వెళ్ళాక దీన్ని ఇంటి కోడలు ఉతకాలి కదా అని నిన్న ఊరికే అన్నాను. “ఈసారి ఇంటి ఆడపడుచు ఉతుకుతుంది” అన్నాడు. అని కళ్ళు మూసుకున్నాడు, పెదాల మీద ఆ పాత నవ్వు. పీపాలో వాననీళ్ళు నింపి పెట్టాను. అటక మీద తాడు కట్టాను. సబ్బు నేను కాచి ఉంచాను. నువ్వు ఏమీ తీసుకురావద్దు.

మీ వదిన
డెల్ఫీన్